కాపర్ ఆక్సైడ్ పౌడర్ గ్రాఫ్ 20 కెల్విన్ కింద పైకి లేస్తే అది మాగ్నెటిక్ ఆర్డరింగేనా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తా, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో. కాపర్ నైట్రేట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ పోసి, వచ్చిన మడ్డిని కడిగి, 400 డిగ్రీల దగ్గర కాల్చి నల్ల పౌడర్ చేశావు. ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్‌రేలతో క్రిస్టల్ నిర్మాణం చూసే పరీక్షలో, ఒకటే ఫేజ్, గింజ సైజు 25 నానోమీటర్లు. 30 మిల్లీగ్రాములు జెలటిన్ క్యాప్సూల్‌లో నొక్కి, స్ట్రాలో పెట్టి, స్క్విడ్‌లో (అతి చిన్న మాగ్నెటిజాన్ని కూడా కొలిచే మెషీన్) 100 ఓర్‌స్టెడ్ మాగ్నెటిక్ ఫీల్డ్‌లో 2 నుంచి 300 కెల్విన్ దాకా మాగ్నెటిజం గ్రాఫ్ తీశావు. మాగ్నెటిక్ ఆర్డర్, అంటే అణువుల్లోని (ఆటమ్స్‌లోని) బుల్లి అయస్కాంతాలు ఒక క్రమంలో నిలబడడం, జరుగుతుందని పుస్తకాల్లో చెప్పిన 213 దగ్గరా 230 దగ్గరా ఏమీ కనపళ్ళేదు, 50 దగ్గర చిన్న బొడిపె వచ్చింది, 20 కింద మాత్రం గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది, 5 కెల్విన్‌లో ఫీల్డ్‌ని అటూ ఇటూ తిప్పి లూప్ తీస్తే కొంచెం నోరు తెరుచుకుంది, అంటే పోయిన దారీ వచ్చిన దారీ కలవలేదు. మీ సీనియర్ "లో టెంపరేచర్ ఫెర్రోమాగ్నెటిక్ ఆర్డరింగ్ అని రాసెయ్, పేపర్ అయిపోతుంది" అన్నాడు, అంటే ఇనుములో లాగా ఆ అయస్కాంతాలన్నీ ఒకే దిక్కు చూస్తున్నాయని. ఇది నిజమేనా, దీనికీ సూపర్‌కండక్టివిటీకీ (కరెంటు అడ్డే లేకుండా పారడం) ఏమైనా సంబంధం ఉందా, ఇదీ నీ డౌటు.

నిజం కాదు. ఆ పేపర్ రాయొద్దు. ఎందుకు కాదో చెప్పాలంటే మాత్రం కొంచెం టైం పడుతుంది, టీ తెచ్చుకుని కూర్చో.

నేను ఈ పనిలో దిగి పద్దెనిమిదేళ్ళు, అన్నీ బెంగళూరులోనే. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేను చేసింది కూడా సరిగ్గా ఇదే. రాత్రి రెండింటికి స్లాట్, బయట యశ్వంతపూర్ వైపు రైలు కూత తప్ప ఇంకో శబ్దం లేదు, స్క్రీన్ మీద చుక్క చుక్కగా గ్రాఫ్ పైకి పోతుంటే నా గుండె కూడా దాంతోపాటే పైకి పోయింది, పొద్దున్నే మత్తికెరెలో ఆంధ్రా మెస్‌లో ఇడ్లీ తింటూ మా రూమ్మేటుకి "కొత్త ఫెర్రోమాగ్నెట్ రా" అని చెప్పేశాను. గ్రూప్ మీటింగ్‌లో మా ల్యాబ్ సీనియర్ తమిళక్క ఒకావిడ అంతా విని ఒకటే అడిగింది, పౌడర్ ఏ గరిటెతో తీశావు అని. స్టీల్ గరిటె. అక్కడితో ఆ ఫెర్రోమాగ్నెట్ కథ కంచికి వెళ్ళింది.

సరే, అసలు విషయం. రాగి తీగని గ్యాస్ మంట మీద పెడితే నల్లబడుతుంది చూడు, ఆ నలుపే ఈ క్యూప్రిక్ ఆక్సైడ్. ఎర్రగా ఉండే క్యూప్రస్ ఆక్సైడ్ వేరే, దాంట్లో రాగికి 3డీ అనే ఎలక్ట్రాన్ల షెల్ (పది పట్టేది) పూర్తిగా నిండిపోయి ఉంటుంది కాబట్టి మాగ్నెటిజం అనే మాటే లేదు. నల్లదాంట్లో రాగి దగ్గర ఆ షెల్‌లో తొమ్మిది ఎలక్ట్రాన్లు, ఒక్క ఖాళీ, అంటే ఒక్కో రాగి అణువుకి ఒక్క అర స్పిన్, అదే ఆ బుల్లి అయస్కాంతం. ఈ తొమ్మిది అనే సంఖ్యే అన్ని తంటాలకీ మూలం. మాంగనీస్, నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లు బుద్ధిగా ఉప్పు లాంటి క్యూబిక్ నిర్మాణంలో కూర్చుంటాయి, రాగి కూర్చోదు, జాన్–టెల్లర్ ఎఫెక్ట్ వల్ల చుట్టూ ఆరు ఆక్సిజన్ల బదులు నాలుగింటిని దగ్గరికి లాక్కుని చదరంగా సర్దుకుంటుంది, క్రిస్టల్ మొత్తం ఒక పక్కకి ఒరిగి మోనోక్లినిక్ అవుతుంది. అలా ఒరగడంతో ఒక దిశలో రాగి–ఆక్సిజన్–రాగి కోణం 146 డిగ్రీలు అయింది, మిగతా దిశల్లో దానికన్నా బాగా తక్కువ.

కోణం ఎందుకు ముఖ్యమంటే, రెండు రాగి అణువుల స్పిన్లు నేరుగా మాట్లాడుకోవు, మధ్యలో ఆక్సిజన్ పెళ్ళిళ్ళ పేరయ్యలా కబురు మోస్తుంది, దీన్నే సూపర్‌ఎక్స్‌ఛేంజ్ అంటారు. 1934లో క్రామర్స్ మొదలుపెట్టాడు, 1950లో యాండర్సన్ సరైన దారిలో పెట్టాడు, తర్వాత గుడెనఫ్, కనమోరి కోణాల లెక్క తేల్చారు. 180 డిగ్రీలకి దగ్గరైతే పక్కపక్క స్పిన్లు గట్టిగా ఎదురెదురు దిశల్లో నిలబడతాయి, 90కి దగ్గరైతే బలహీనంగా ఒకే దిశ చూస్తాయి. 146 అంటే ఎదురెదురు వైపే, అదీ గట్టిగానే. మిగతా దిశల్లో కబురు నీరసం. అందుకే చూడ్డానికి త్రీడీ క్రిస్టల్ అయినా, స్పిన్ల దృష్టిలో ఇది పక్కపక్కన పెట్టిన గొలుసుల కట్ట.

ఇప్పుడు నీ గ్రాఫ్ ఎందుకు మూగగా ఉందో చూద్దాం. మన ఎంసెట్ హాల్ గుర్తుందా, ఒకడికి సెట్ ఏ, పక్కోడికి సెట్ బీ, వాడి పక్కోడికి మళ్ళీ ఏ. హాల్ అంతా పక్కా క్రమంలో ఉంది. కానీ నువ్వు తలుపు బయట నిలబడి మొత్తం ఏలు ఎన్ని, బీలు ఎన్ని అని లెక్క మాత్రం అడిగావనుకో, సగం సగం అంటారు. పేపర్లు ఎలా పడితే అలా పంచేసినా దాదాపు సగం సగమే. అంటే టోటల్ చూసి లోపల క్రమం ఉందో లేదో చెప్పలేవు. స్క్విడ్ చూసేది టోటల్. ఇలా పక్కపక్క స్పిన్లు ఎదురెదురుగా నిలబడే యాంటీఫెర్రోమాగ్నెట్ ఆర్డర్ అయినప్పుడు గ్రాఫ్ ఎగిరి గంతెయ్యదు, నిండు కుండ తొణకదు, అంతే. ఎగిరే గ్రాఫ్ చూసి "ఆర్డర్ అయింది" అనుకోవడం ఇనుము, నికెల్ చూసిన అలవాటు. హాల్ లోపలికి వెళ్ళి వరుస వరుసా తిరిగి చూసేవాడు కావాలి, ఆ తిరిగేవాడే న్యూట్రాన్. న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదు, స్పిన్ ఉంది, ఒక్కో అణువు స్పిన్ ఎటు చూస్తోందో పట్టుకుంటుంది. మామూలు ఎక్స్‌రేకి బెంచీ బెంచీకి ఒకే మనిషి, న్యూట్రాన్‌కి మాత్రం రెండు బెంచీలకొకసారి అదే సెట్ తిరిగొస్తుంది కాబట్టి సెల్ డబుల్ అయినట్టు కనిపించి, ఎక్స్‌ఆర్‌డీలో లేని చోట కొత్త పీకులు వస్తాయి. 1949లో షల్, స్మార్ట్ కలిసి మాంగనీస్ ఆక్సైడ్‌లో చూపించింది ఇదే, దాంతో ఫ్రాన్స్ శాస్త్రవేత్త నీల్ అంతకు పదిహేనేళ్ళ ముందు నుంచీ కాగితం మీద చెప్తూ వచ్చిన ఈ ఎదురెదురు క్రమం మాట నిజమని తేలింది. నీల్‌కి 1970లో నోబెల్ ఇచ్చారు, షల్‌కి బ్రాక్‌హౌస్‌తో కలిపి 1994 దాకా ఆగి ఇచ్చారు, నలభై అయిదేళ్ళు! మన అణు శాస్త్రవేత్త పీకే అయ్యంగార్ గారు 1950ల్లో కెనడా వెళ్ళి చాక్ రివర్‌లో ఆ బ్రాక్‌హౌస్ దగ్గరే పని నేర్చుకుని వచ్చారు. ముంబై ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ రియాక్టర్‌లో మనం పౌడర్లు పెట్టుకుని న్యూట్రాన్లు చూడగలుగుతున్నామంటే ఆ తరం వేసిన పునాదే.

క్యూప్రిక్ ఆక్సైడ్ సింగిల్ క్రిస్టల్స్ మీద న్యూట్రాన్ పని గట్టిగా జరిగింది 1988 చుట్టుపక్కల, సూపర్‌కండక్టర్ల గోల మొదలయ్యాక అందరికీ రాగి ఆక్సైడ్లు గుర్తొచ్చాయి. తేలిందేంటంటే, 230 కె కింద స్పిన్లు ఆర్డర్ అవుతాయి, కానీ మొదట వచ్చేది ఏ–బీ–ఏ–బీ లాంటి సాదా క్రమం కాదు, స్పిన్ దిశ అణువు అణువుకీ కొంచెం తిరుగుతూ మెలికలా పోతుంది, ఆ మెలిక పొడవు క్రిస్టల్ సెల్‌కి పూర్ణాంకంలో సరిపోదు, అందుకే ఇన్‌కమెన్సురేట్ అంటారు. 213 కె దగ్గర అది ఠక్కున సర్దుకుని అన్ని స్పిన్లూ బీ అక్షం వెంట నిలబడి పైకీ కిందికీ అయిపోతాయి. 230 దగ్గరే ఇంకో సన్నని ఫేజ్ ఇరుక్కుని ఉందని 2012లో అల్ట్రాసౌండ్ కొలతల్లో దొరికింది, అది నీకు ఇప్పుడు అక్కర్లేదు.

ఆ 213–230 మధ్య ముక్క మీద మాత్రం ఒక్క నిమిషం ఆగు, ఇందులో నాకిష్టమైన భాగం అదే. స్పిన్లు అలా మెలి తిరిగినప్పుడు క్రిస్టల్‌కి కుడి ఎడమల సమానత్వం పోతుంది, పోతే ఛార్జీలు కూడా ఒక పక్కకి కొంచెం జరుగుతాయి, అంటే మాగ్నెటిజం వల్ల ఎలక్ట్రిక్ పోలరైజేషన్ పుడుతుంది. 2008లో కిమురా వాళ్ళు ఇది చూపించారు. అప్పటిదాకా ఇలాంటి మల్టీఫెర్రోయిక్స్ అంటే ఎక్కువగా 40 కె లోపు సరుకే, హీలియం లేకపోతే పని కాదు, ఇది 230 దాకా వచ్చేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు. మంట మీద నల్లబడ్డ రాగి తీగలో ఇంత ఉందని ఎవరనుకుంటారు చెప్పు.

ఇక్కడ "లో టెంపరేచర్" అన్న మాట కూడా సరిచేసుకో. 213 కె అంటే మైనస్ 60 డిగ్రీలు. డ్రై ఐస్ 195 కె. ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసే డ్రై ఐస్ పక్కన నీ పౌడర్ పెడితే బల్క్ (గింజల లోపలి అసలు సరుకు) ఆర్డర్ అప్పటికే అయిపోయి ఉంటుంది, నువ్వు హీలియం ఖర్చుపెట్టి 20 కె దగ్గర వెతుకుతున్నది పెళ్ళి అయిపోయాక మండపం దగ్గరికి వెళ్ళడం లాంటిది.

అదీ పూర్తి కథ కాదు, అసలు మాటలు ఇంకా పైనే మొదలవుతాయి. ఈ ఆక్సైడ్‌ని 230 దాటి వేడి చేస్తూ పోతే మామూలు పారామాగ్నెట్‌లా (స్పిన్లు దేనికది విడిగా ఉండేది) ససెప్టిబిలిటీ, అంటే ఫీల్డ్‌కి పదార్థం ఎంత స్పందిస్తుందో ఆ లెక్క, తగ్గాలి కదా, తగ్గదు, పెరుగుతుంది! పెరిగి పెరిగి సుమారు 540 కె దగ్గర ఒక వెడల్పాటి గుట్టలా అయి అప్పుడు దిగడం మొదలెడుతుంది. 540 కె అంటే 267 డిగ్రీలు, దోసె పెనం వేడి కన్నా ఎక్కువే. అంత వేడిలో కూడా గొలుసు వెంట పక్కపక్క స్పిన్లు ఎదురెదురుగానే నిలబడే ప్రయత్నంలో ఉన్నాయన్నమాట. ఒంటరి గొలుసుకి ఆ గుట్ట ఎక్కడ రావాలో 1964లో బానర్, ఫిషర్ లెక్క కట్టారు, కలిపే బలానికి 0.64 రెట్లు. 540ని 0.64తో భాగించు, సుమారు 840 కె. అంటే పక్కపక్క స్పిన్ల మధ్య బలం, దాన్నీ కెల్విన్లలోనే చెప్తాం, 840, ఆర్డర్ మాత్రం 230కి గానీ రాలేదు.

ఎందుకంత లేటు? మళ్ళీ హాల్‌కి రా. ఒకే ఒక పొడుగాటి వరుస ఉందనుకో, ఇన్విజిలేటర్ ఏ, బీ, ఏ, బీ అని ఇచ్చుకుంటూ పోతున్నాడు, మధ్యలో ఎక్కడో ఒక్కసారి పొరపాటున ఏ పక్కన మళ్ళీ ఏ ఇచ్చాడు. ఆ తప్పు ఒక్క చోటే, కానీ అక్కణ్ణుంచి చివరిదాకా వరుస మొత్తం తిరగబడిపోతుంది. పక్కపక్కన ఎవర్ని అడిగినా "నా పక్కోడిది వేరే సెట్టే" అంటాడు, మొదటోడికీ చివరోడికీ మాత్రం లెక్క కుదరదు. వేడి అంటే ఆ పొరపాట్లే, వేడి సున్నా కానంత వరకు ఎక్కడో ఒకటి పడుతూనే ఉంటుంది, కాబట్టి ఒంటరి గొలుసు నిజమైన ఆర్డర్‌కి ఎప్పటికీ రాదు. ముందు వరుస, వెనక వరుస కూడా చూసి సరిచేసేవాళ్ళుంటేనే తప్పు ఆగుతుంది, అంటే గొలుసుల మధ్య బలం కావాలి. ఈ మాట నమ్మకపోతే స్ట్రాన్షియం క్యూప్రేట్ చూడు, రెండు స్ట్రాన్షియం, ఒక రాగి, మూడు ఆక్సిజన్ ఉండేది. దాంట్లో గొలుసు తిన్నగా 180 డిగ్రీలు, బలం 2000 కె పైనే, గొలుసుల మధ్య మాత్రం దాదాపు మాటల్లేవు, ఆర్డర్ ఎప్పుడవుతుందో తెలుసా, 5 కె దగ్గర. నీ నల్ల పౌడర్ దాని ముందు చాలా మర్యాదస్తురాలు. హెర్బర్ట్‌స్మితైట్ అనే ఇంకో రాగి ఖనిజం ఉంది, అందులో స్పిన్లు త్రికోణాల వలలో ఇరుక్కుని, ముగ్గురిలో ఇద్దరు ఎదురెదురు అయితే మూడోవాడు ఎటు తిరగాలో తెలియక, 50 మిల్లీకెల్విన్ దాకా దించినా ఆర్డరే అవ్వదు.

ఇంకో తిప్పలు, స్పిన్లు ఇంకా పై వేడిలోనే గొలుసు వెంట ఎదురెదురుగా చాలావరకు కుదురుకోవడంతో, 213, 230 దగ్గర జరగడానికి మిగిలింది తక్కువ. స్పెసిఫిక్ హీట్‌లో (ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి) చూస్తే అర స్పిన్‌కి రావాల్సిన ఎంట్రోపీలో, అంటే అస్తవ్యస్తం లెక్కలో, కొంచెమే ఆ రెండు పీకుల కింద ఉంటుంది, మిగతాది పైనే ఖర్చైపోయింది. అందుకే ససెప్టిబిలిటీలో, అందులోనూ పౌడర్‌లో, 230 దగ్గర వాలు కొంచెం మారడం తప్ప పెద్ద మలుపు ఉండదు. నీది 25 నానోమీటర్ల గింజలు కాబట్టి ఆ వాలు మార్పు కూడా అలుక్కుపోయి కొంచెం కిందికి జరిగుంటుంది. కనపళ్ళేదు అంటే జరగలేదు అని కాదు. డేటాని డిఫరెన్షియేట్ చేసి చూడు, ఉంటే అక్కడ దొరుకుతుంది, 100 ఓర్‌స్టెడ్ డేటాలో దొరకదులే, దాని సంగతి కింద చెప్తా.

ఇప్పుడు ఆ తోక, 20 కె కింద లేచింది. సరైన యాంటీఫెర్రోమాగ్నెట్ పౌడర్‌లో మామూలు లెక్క ప్రకారం ఆర్డర్ అయ్యాక చల్లబరిచే కొద్దీ ససెప్టిబిలిటీ దిగి, సున్నా దగ్గరికి వచ్చేసరికి ట్రాన్సిషన్ దగ్గరున్న దాంట్లో మూడింట రెండు వంతులకి చదునుగా ఆగాలి. పైకి లేవకూడదు. లేచిందంటే ఆర్డర్‌లో చేరనివాళ్ళు ఎవరో ఉన్నారు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, వాళ్ళు ఆ ఉలిపికట్టెలు. గింజ అంచున పక్కవాడు లేని రాగి, ఆక్సిజన్ ఊడిపోయిన చోట రాగి, కడగడం సరిపోక మిగిలిన హైడ్రాక్సైడ్‌లో రాగి, వీళ్ళకి ఎదురు నిలబడేవాడు లేడు, ఒంటరిగా ఫీల్డ్ ఎటు చెప్తే అటు తిరుగుతారు. 25 నానోమీటర్ల గింజలో ఒక్క అణువు మందం పైపొర తీసుకున్నా మొత్తంలో సుమారు 7 శాతం అణువులు అక్కడే ఉంటాయి, వాళ్ళలో కొందరు దారి తప్పడం పెద్ద విచిత్రమేం కాదు. ఇలాంటి చిన్న గింజల్లో రెండు పక్షాలూ సరిసమానం కాక ఎంతో కొంత మిగులుతుందని నీల్ 1961లోనే చెప్పాడు. నీ లూప్ నోరు తెరుచుకున్నదాంట్లో కొంత ఇదే కావచ్చు.

ఎంత తక్కువమంది ఎంత గోల చేస్తారో లెక్కెయ్యి, ఇది నువ్వే పెన్ను పట్టుకుని చెయ్యి. ఈ ఆక్సైడ్ మోలార్ ససెప్టిబిలిటీ గది వేడిలో సుమారు 238, పదికి మైనస్ ఆరు పవర్ యూనిట్లలో, సీజీఎస్. అన్ని రాగి స్పిన్లూ ఒంటరిగా స్వేచ్ఛగా ఉండుంటే క్యూరీ నియతాంకం (టెంపరేచర్‌తో భాగిస్తే ససెప్టిబిలిటీ ఇచ్చే సంఖ్య) 0.375, దాన్ని 300తో భాగిస్తే అవే యూనిట్లలో 1250 రావాలి. అంటే గది వేడిలోనే నీ స్పిన్లు అయిదింట నాలుగు వంతులు నోరు మూసుకుని ఉన్నాయి. ఇప్పుడు ఒక్క శాతం ఉలిపికట్టెలు అనుకో, వాళ్ళ నియతాంకం 0.00375, 2 కె దగ్గర 2తో భాగించు, 1875! బల్క్ మొత్తానికి ఎనిమిది రెట్లు, నూటికి ఒక్కడు. క్లాసులో తొంభై తొమ్మిది మంది నిశ్శబ్దంగా రాసుకుంటుంటే ఒక్కడు అరుస్తున్నాడు, నువ్వు బయట నిలబడి క్లాసంతా అరుస్తోందని రిపోర్ట్ రాయబోతున్నావు. నీ డేటాని 2 నుంచి 60 కె దాకా ఒక స్థిరాంకం ప్లస్ టెంపరేచర్‌తో భాగించిన క్యూరీ ముక్కకి ఫిట్ చెయ్యి, ఉలిపికట్టెల శాతం నేరుగా వచ్చేస్తుంది, ఒకటీ రెండూ వస్తే నేనైతే ఆశ్చర్యపోను. ఆ 50 దగ్గర బొడిపె ఉన్న కొన్ని పాయింట్లు మాత్రం ఫిట్‌లో వదిలెయ్.

ఎందుకంటే ఆ బొడిపె నీ శాంపుల్‌దే కాకపోవచ్చు, నాకైతే ముప్పావు వంతు అనుమానం గాలి మీదే. ఆక్సిజన్ గాలిలో ఉన్నప్పుడు కూడా మాగ్నెటిక్కే, 54 కె దగ్గర గడ్డకడుతుంది, 44 దగ్గర ఒకసారి, 24 దగ్గర ఇంకోసారి రూపం మార్చుకుంటుంది, ఆ 44 దగ్గర దాని మాగ్నెటిజం దబ్బున పడిపోతుంది. నానో పౌడర్ అంటే గింజల మధ్య సందులన్నీ గాలి పట్టుకున్న స్పాంజి, దానికి తోడు మూత పెట్టిన క్యాప్సూల్. ఛాంబర్ పర్జ్ చేసినా క్యాప్సూల్ లోపలి గాలి లోపలే ఉండిపోతుంది. సన్న సూదితో క్యాప్సూల్ మూతకి చిన్న రంధ్రం పెట్టు, స్ట్రాకి కూడా రెండు మూడు పెట్టు, గది వేడిలో అరగంట పంప్ చేసి హీలియంతో నింపి మళ్ళీ పంప్ చెయ్యి, ఇలా మూడు నాలుగుసార్లు. బొడిపె మాయమైతే నీ "ట్రాన్సిషన్" గాలిలో కలిసిపోయినట్టే. ఈ బొడిపెని కొత్త ఫేజ్ అని స్లైడ్ వేసినవాళ్ళని నా కళ్ళతో చూశాను, ఎక్కడ అని అడగొద్దు.

లూప్ సంగతికి వస్తే, అనుమానం ఇనుము మీద. 1 టెస్లాలో, అంటే పదివేల ఓర్‌స్టెడ్లలో, నీ 30 మిల్లీగ్రాముల పౌడర్ ఇచ్చే సిగ్నల్ సుమారు 0.9 మిల్లీ ఈఎమ్‌యూ (స్క్విడ్ మాగ్నెటిజాన్ని చెప్పే యూనిట్). శాచురేట్ అయిన (ఇక పెరగనంత దాకా మాగ్నెటైజ్ అయిన) ఇనుము గ్రాముకి దాదాపు 218 ఈఎమ్‌యూ, అంటే 4 మైక్రోగ్రాముల ఇనుము చాలు అదే సిగ్నల్ ఇవ్వడానికి. 4 మైక్రోగ్రాములు అంటే తల వెంట్రుక మందం ఉన్న చిన్న నలుసు, కంటికి ఆనదు. స్టీల్ గరిటె అంచు, తుప్పు పట్టిన ఫర్నేస్ తలుపు, బాల్ మిల్, చివరికి కత్తెరతో స్ట్రా కత్తిరించినా వచ్చి పడుతుంది. ప్లాస్టిక్ గరిటె వాడు, కత్తెర బదులు సిరామిక్ బ్లేడ్. కనిపెట్టడానికి దారి ఏంటంటే, 300 కె దగ్గర కూడా లూప్ తియ్యి, నువ్వు 5 దగ్గర మాత్రమే తీశావు. 300లో కూడా నోరు తెరుచుకునే ఉంటే, లేదా తక్కువ ఫీల్డ్‌లో వంకర పోయి తర్వాత తిన్నగా పోతుంటే, అది ఉలిపికట్టెల పని కాదు, ఇనుమో దాని ఆక్సైడో. 120 కె దగ్గర చిన్న మెట్టు కనిపిస్తే మాగ్నటైట్ (ఒక ఇనుము ఆక్సైడ్) అని దాదాపు సంతకం పెట్టినట్టే, అది దాని వెర్వే ట్రాన్సిషన్. అలా ఉంటే హోండా–ఓవెన్ ప్లాట్ వెయ్యి, మాగ్నెటైజేషన్‌ని ఫీల్డ్‌తో భాగించి, ఒకటి బై ఫీల్డ్‌కి ఎదురుగా గీసి సున్నాకి లాగితే ఇనుము వాటా పోయి అసలుది మిగులుతుంది.

100 ఓర్‌స్టెడ్ ఎందుకు పెట్టావో నాకర్థమైంది, నానోపార్టికల్ పేపర్లన్నిట్లో జెడ్‌ఎఫ్‌సీ–ఎఫ్‌సీకి (ఫీల్డ్ లేకుండా ఒకసారి, ఫీల్డ్‌లో ఒకసారి చల్లబరిచి కొలవడం) అదే ఉంటుంది. బలమైన సిగ్నల్ ఉన్నవాటికి అది బాగుంటుంది, దీనికి కాదు. సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌ని ముందు రోజు ఎవరో 7 టెస్లాకి తీసుకెళ్ళి సున్నాకి దించి వెళ్ళుంటారు, లోపల పది ఇరవై ఓర్‌స్టెడ్లు ఇరుక్కుని ఉంటాయి, నువ్వు 100 అనుకున్నది 80 అయినా 120 అయినా నీకు తెలీదు. పైగా ఆ ఫీల్డ్‌లో నీ బల్క్ సిగ్నల్ 9 మైక్రో ఈఎమ్‌యూ, క్యాప్సూల్ డయామాగ్నెటిజం (ఫీల్డ్‌కి ఎదురు తిరిగే బలహీన స్పందన), స్ట్రా మీద చెమట వేలిముద్ర, అన్నీ దాంతో పోటీకొస్తాయి. 1 టెస్లా పెట్టు. ఫీల్డ్ పెరిగితే ఇనుము ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, నీ ఆక్సైడ్ సిగ్నల్ మాత్రం ఫీల్డ్‌తోపాటు పెరుగుతూ పోతుంది, ఆ తేడానే నీకు కావలసింది. వీలైతే పౌడర్‌లో కొంత 900 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఆక్సిజన్‌లో కాల్చి గింజలు పెద్దవి చేసి అదీ కొలువు, రెండూ పక్కపక్కన పెడితే తోక ఎంత తగ్గిందో అదే సాక్ష్యం. స్పెసిఫిక్ హీట్‌కి స్లాట్ దొరికితే పెద్ద గింజల పెల్లెట్‌తో 180 నుంచి 250 దాకా నెమ్మదిగా తియ్యి, 213, 230 అక్కడ దాక్కోలేవు.

సూపర్‌కండక్టివిటీ ప్రశ్నకి చిన్న జవాబు చాలు. క్యూప్రిక్ ఆక్సైడ్ దానంతటది సూపర్‌కండక్టర్ కాదు, కానీ ఒకే వంశం. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ మొదలుపెట్టిన లాంథనం క్యూప్రేట్‌లో గొలుసుల బదులు పలకలు ఉంటాయి, రాగి–ఆక్సిజన్–రాగి కోణం 180కి చాలా దగ్గర, బలం సుమారు 1500 కె, ఆర్డర్ 325 కె దగ్గర, అంటే గది వేడిలోనే యాంటీఫెర్రోమాగ్నెట్. అందులో లాంథనం బదులు 2 శాతం స్ట్రాన్షియం వేస్తే చాలు ఆ లాంగ్ రేంజ్ ఆర్డర్ చచ్చిపోతుంది, ఇంకొంచెం వేస్తే సూపర్‌కండక్టివిటీ పుడుతుంది. ఆ రెంటికీ మధ్య అసలేం జరుగుతోందనే దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మన బెంగళూరు ఐఐఎస్‌సీలో సీఎన్‌ఆర్ రావు గారి గ్రూపు కూడా 1987లో ఆ ఊపులో గట్టిగా ఉంది. నీ పౌడర్‌ని ఆ కథలోకి లాగకు, ఇంట్రడక్షన్‌లో ఒక వాక్యం రాయి, చాలు.

మీ సీనియర్‌తో ఎలా చెప్పాలి అన్నావు. గొడవ పెట్టుకోకు, "అన్నా, పేపర్ పరిశీలించే రెఫరీ 300 కెల్విన్ లూప్ అడిగితే ఏం చూపిద్దాం" అని మాత్రం అడుగు, మిగతాది ఆయనే ఆలోచించుకుంటాడు. పేపర్ పోతుందని బెంగ కూడా వద్దు, ఉలిపికట్టెల శాతం గింజ సైజుతో ఎలా మారుతోందో నాలుగు సైజులు చేసి చూపిస్తే అది నిజాయితీ గల పేపరే.

స్లాట్ గురువారం రాత్రి అన్నావు కదా. అంతకు ముందు ఖాళీ క్యాప్సూల్, అదే స్ట్రా, అదే ఫీల్డ్‌లో ఒక రన్ వేసి పెట్టుకో, తర్వాత రంధ్రం పెట్టిన క్యాప్సూల్‌లో శాంపుల్ పెట్టు. రెండు ఫైళ్ళూ ఇక్కడ పెట్టు, ఆదివారం చూస్తా. అన్నట్టు, నువ్వు పెట్టిన గ్రాఫ్‌లో నిలువు అక్షం మీద యూనిట్లు లేవు, శాంపుల్ బరువుతో భాగించావో లేదో కూడా తెలీట్లేదు, ఈసారి అవి రాసి పెట్టు.